ఉప్పెన ఫొటోకు రంగులు

తుఫాను ఫొటోలు తీస్తానని ఒంటరిగా బందరు వెళ్లిన కొమరయ్య తిరిగి రాలేదు. ఒడ్డున దొరికిన అతని కెమెరా మాత్రం గోదావరిఖని చేరింది. ఆ రాత్రి అన్న నర్సింగం తన స్టూడియోలో ఆ ఫొటోలు కడిగి, నల్లటి అలలకు దూదితో నీలం రంగు అద్దసాగాడు. చివరి ఫొటోలో అలల ముందు కొమరయ్యే నిలబడి ఉన్నాడు. దాన్ని ఎవరు తీశారో నర్సింగానికి అంతుపట్టలేదు.

"మొకం పాలిపోయిందిరా. జర రంగెయ్యి," అంది తల్లి సారవ్వ.

నర్సింగం తమ్ముడి చెంపలకు గులాబి రంగు అద్దాడు. అది కారిపోయింది. మళ్లీ అద్దితే మళ్లీ కారింది.

"అవ్వా, రంగు పడ్తలేదే."

"ఎట్ల పడ్తది బిడ్డా? వాడు ఇంకా తడిసే ఉన్నడు."

సారవ్వ బొగ్గుల కుంపటి దగ్గరికి జరిగింది. ఫొటోను ఒళ్లో పెట్టుకుని, కొంగుతో కొడుకు తల తుడవసాగింది.