ఎరువు దర్జా

"పందులకు బూరెలు పెడతారంటనా సార్? మా బిడ్డలకే క్రిస్మసుకు గాని దొరకవే!" అంటూ ఎస్తేరమ్మ చేతిలోని చేట కింద పడేసింది.

"బూరెలు కాదమ్మా, బ్రూసెల్లా! జబ్బు పేరు," అన్నాడు పశువుల డాక్టరు కామాక్షయ్య, ముక్కుకు అడ్డం పెట్టుకున్న రుమాలు తీయకుండానే. రుమాలు వడగట్టిన మాట ఎవరికైనా బూరెలాగే వినిపిస్తుంది మరి.

నయాపైసలు కొత్తగా చేతికొస్తున్న రోజులవి. ఇందుకూరుపేటకు అవతల, సముద్రం హోరు వినబడేంత దూరంలో, పందుల్ని పెంచుకునే నాలుగిళ్ళ పల్లె అది. ఆ యేడు అక్కడ కొందరికి జ్వరం రావడం, పోవడం, మళ్ళీ రావడం. నెల్లూరు ఆసుపత్రివాళ్ళకు పందుల మీద అనుమానం వచ్చింది. పంపితే కామాక్షయ్య వచ్చాడు.

"ఇంటికొక పంది రక్తం తీసి మద్రాసు పంపిస్తాం. ఏ ఇంటి పందికి జబ్బు తేలితే ఆ ఇంటి మందనంతా చంపి పూడ్చాల్సిందే."

"మందకు మందు లేదా సార్?" అన్నాడు సమాధానం.

"లేదు."

సమాధానం రెండడుగులు వెనక్కి వేశాడు. పేరైతే సమాధానమే గాని, పరీక్షల్లో అదొక్కటీ రాకపోవడం చేతనే మూడో తరగతిలో బడి మానినవాడు. ఇప్పుడు పందికి కూడా పరీక్షంటే భయపడడూ!

భయం లేనిది ఒక్క రెబెక్కమ్మకే. పల్లె దర్జా అంతా ఆమె ఇంట్లోనే ఉంది. చేతుల కుర్చీ ఆమెకే ఉంది, పూల గాజుగ్లాసు ఆమెకే ఉంది, సుందరీ ఆమెకే ఉంది. సుందరి అంటే కూతురనుకునేరు, పంది. తవుడూ చేపతలలూ మేసి నల్లగా నిగనిగలాడుతుంది. రెండేళ్ళయినా పిల్లల్ని పెట్టలేదు గనక ఒళ్ళు సడలలేదు. మిగతా ఇళ్ళ పందులూ నలుపే గాని, పిల్లలకు పాలిచ్చి డొక్కలెండిపోయినవి.

పల్లెలో ఎవరింటికి ఏ పెద్దమనిషి వచ్చినా కుర్చీ, గ్లాసు రెబెక్కమ్మ దగ్గర ఎరువు తెచ్చుకోవడం ఆనవాయితీ. అడిగేది దొడ్డిదారిన, కూర్చోబెట్టేది వీధిగుమ్మంలో. ఇవ్వడానికి ఆమెకు ఏనాడూ విసుగు లేదు. పల్లె పరువు నాలుగు కాళ్ళ మీద నిలబడిందంటే ఆ కాళ్ళు తన కుర్చీవేనని ఆమె నమ్మకం.

"మొదట మా సుందరికే గుచ్చండి సార్!" అంది.

కామాక్షయ్య సుందరి చెవి పట్టుకుని, నరం వెతికి, సూది గుచ్చాడు. పంది మొహం చూడలేదు. ఆయన దృష్టిలో పంది అంటే ఒక చెవి, ఒక కంపు, అంతే. రెబెక్కమ్మ గాయం మీద పసుపు అద్దింది.

ఆయన టీ తాగుతుండగా ఎస్తేరమ్మ దొడ్డివైపు నుంచి వచ్చింది.

"అక్కా, కుర్చీ, గ్లాసూ..." అంటూ మిగతాది ఆమె చెవిలో ఊదింది.

రెబెక్కమ్మ మొహం చేటంతయింది. "నేనుండగా మీకు చిన్నతనమేందే! తీసుకోపో. ఎవురికీ చెప్పన్లే."

ఎస్తేరమ్మ ఇంట్లో పంది చెవులకు ముందే పసుపుంది. "గుచ్చకముందే రాసినారే!" అన్నాడు డాక్టరు.

"మా జాగర్త మాది సార్. మిగతావి సరుగుడు తోపులో మేస్తా ఉండాయి, దీన్నొక్కదాన్నే పట్టినాం."

"శుభ్రం తెలిసిన పల్లె!" అని ఆయన మెచ్చుకున్నాడు.

సమాధానం ఇంటికొచ్చేసరికి డాక్టరు కుర్చీ చేతిని తట్టి నవ్వాడు. "ఈ కుర్చీ నాకంటే ముందే వచ్చి కూర్చుంటోందే!"

"ఎరువు సార్."

"పందుల పల్లెలో ఎరువుకేం కొదవ! అవునుగాని, నీ పంది బలే సాధువయ్యా. కిక్కురుమనలేదు."

చివరి ఇల్లు జ్ఞానప్రకాశానిది. "మా పందికి మంచి చెప్తే చెవినబెట్టుద్ది సార్," అంటూ అతనే చెవి పట్టి అందించాడు.

ఆ ఆదివారం ప్రార్థన ముగిశాక గుడి ముందు ఎవరి గొప్పలు వారివి. నా పందిని డాక్టరే మెచ్చుకున్నాడంటే నా పందినని. రెబెక్కమ్మ అందరి మాటలూ విని తనలో తానే నవ్వుకుంది.

మరో పక్షానికి కామాక్షయ్య వచ్చాడు. గుడి ముందు అందరినీ చేర్చాడు.

"నాలుగిళ్ళకూ ఒకటే ఫలితం," అన్నాడు.

చప్పట్లు! సమాధానం ఈల కూడా వేశాడు.

"ఆపండయ్యా! నాలుగింటికీ జబ్బుంది. రేపు మనుషులొస్తారు. పల్లెలో ఒక్క పంది మిగలడానికి వీల్లేదు."

ఈల సగంలో తెగింది.

"అన్నాయం సార్!" ఎస్తేరమ్మ ఏడుపందుకుంది. "నా పంది మొన్ననే ఎనిమిది పిల్లల్ని పెట్టినాది. వాట్ని అమ్మే మా బిడ్డ ఎలిశబెతును నర్సు చదువుకు పంపాల."

డాక్టరు రుమాలు దించాడు. "ఎనిమిదా? ఈ జబ్బుంటే కడుపే నిలవదమ్మా! పరీక్ష తప్పడానికి లేదు. నీ పంది రక్తమేగా అది?"

ఎస్తేరమ్మ ఏడుపు మానేసి కొంగు సవరించుకుంది. సమాధానం దగ్గర సమాధానం లేదు. జ్ఞానప్రకాశం మొహంలో ప్రకాశం లేదు. ముగ్గురూ ఎవరికి వారు రెబెక్కమ్మ వైపు దొంగచూపు చూసి తలలు దించుకున్నారు.

రెబెక్కమ్మ కాసేపు ఎలిశబెతు వైపు చూసింది. తర్వాత లేచి, తన కుర్చీని డాక్టరు ముందుకు జరిపింది. దించడం తెలియని తల, ఇప్పుడూ దించలేదు.

"కూర్చోండి సార్. మా పల్లెలో ఎవురింటికి ఎవురొచ్చినా మర్యాద నా ఇంటి నుంచే పోతాది. మీరు నాలుగిళ్ళలో కూసున్న కుర్చీ నాదే. తాగిన గ్లాసూ నాదే."

ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది.

"గుచ్చిన పందీ నాదే."