రెండు డబ్బాలు

డాక్టర్ సుబ్రమణికి మనుషులంటే చులకన, అంకెలంటే ప్రాణం. 1959లో కాలిపుండ్లకు కొత్త మాత్రలు పరీక్షించడానికి మద్రాసు నుంచి ఊత్తంగరై వచ్చాడు. వంద మంది రోగులు కావాలన్నాడు. దొరికింది ఎనిమిది మంది.

అయినా తగ్గలేదు మహానుభావుడు. వయసూ, పుండూ చూసి నాలుగు జతలు కట్టాడు. జతలో ఒకరికి మందు, ఇంకొకరికి అచ్చం అలాగే ఉండే సుద్దబిళ్ళ. ఎవరికేదో చీటీలు వేసి తేల్చాడు. మంది తక్కువైనప్పుడు ఇదే దారి అని, జతల్లో తేడా కనబడితే ఎనిమిది మందైనా చాలని అక్కడి ఆసుపత్రి కాంపౌండరుకు గంటసేపు పాఠం చెప్పాడు.

రోజుకు రెండేసి మాత్రలు మింగించాల్సింది ఆయా పుట్టమ్మ. వాళ్ళందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి రాగిసంగటి పెట్టేదీ ఆమే. తక్కెడలో వేసినా ముద్దకూ ముద్దకూ తేడా రాదు.

సుద్ద సంగతి ఆమెకు చెప్పలేదు.

"ఒక జబ్బుకి రెండు డబ్బాలేంది సామీ?"

"చెబితే నీ బుర్రకెక్కుతుందా? ఈ నలుగురికి ఇది, ఆ నలుగురికి అది. చెప్పింది చెయ్యి."

"మా తమ్ముడు మారియప్పకి కూడా పుండు మోకాలి దాకా వచ్చేసింది సామీ. వానికీ రెండు మాత్రలు..."

"లెక్క చెడిపోతుంది. మందు పనిచేస్తుందని తేలితే తెప్పిస్తాను. లేదంటే కాలు తీయించుకోవాల్సిందే."

పుట్టమ్మ ఒక్క మాత్ర కూడా తమ్ముడికి దాచలేదు. దేవుడికి దండం పెట్టుకుని కాచుకుంది.

మూడు నెలలకు ఎనిమిది మంది పుండ్లూ మానాయి. సుబ్రమణి మొహం మాడిపోయింది.

"సుద్ద మింగినోళ్ళకూ మానింది! మందులో పస లేదు. ఈ మొద్దు జనానికి పుండ్లు వాటంతటవే మానుతున్నాయి" అని కాంపౌండరు మీద విసుక్కున్నాడు. రెండు డబ్బాల్లోనూ మాత్రల లెక్క సరిగ్గా ఉందని మాత్రం మురిసిపోయాడు. అంకె అబద్ధమాడదట. మిగిలిన మందు వెనక్కి పంపేసి, రిపోర్టు చంకన పెట్టుకుని రైలెక్కాడు.

మారియప్ప పుండు దానంతటది మానలేదు. కృష్ణగిరిలో కాలు తీసేశారు.

మంచం పక్కన కూలబడి పుట్టమ్మ గుండెలు బాదుకుంది.

"ఏ పాపానికిరా తమ్ముడా నీకీ శిక్ష? ఒక్క వరసలో కూర్చున్నోళ్ళకి వలపక్షం చెయ్యకూడదని, ఎనిమిది మందికీ ఆ డబ్బాలోది ఒకటి, ఈ డబ్బాలోది ఒకటి సమంగానే పంచినాను కదరా!"