గురువారం మాట

మబ్బు పట్టిందంటే చాలు, రేవతి ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లిపోతుంది. ఆమె భర్త రాకేశ్ అది గమనించబట్టి నెల దాటింది.

మందమర్రిలో బొగ్గుగని క్వార్టర్ వాళ్లది. ఆ సాయంత్రం ఉరుముల మధ్య ఆమె గొంతు ముక్కలు ముక్కలుగా వినబడింది.

"ఆడ గూడ మొదలైందా... థండర్‌స్టార్మ్... గురువారం మాట యాది మర్వకు."

లోపలికి రాగానే అడిగాడు. "ఎవలతోని?"

"టైలర్ శ్యామల. జాకెట్ గురించి."

ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ చూశాడు. పేరు అదే. కానీ వాన పడ్డ రోజుల్లోనే ఆ కాల్స్. ఇంకో వింత కనబడింది. థండర్‌స్టార్మ్ అనే ఇంగ్లీషు మాట ఎలా పుట్టిందో రేవతి నెట్‌లో వెతికింది. పెళ్లయిన ఈ రెండేళ్లలో ఆమె ఇంగ్లీషు ఊసెత్తింది లేదు. ఎవడో చదువుకున్నవాడే అనుకున్నాడు. అన్నం సయించలేదు.

గురువారం డ్యూటీకని బయల్దేరి, సందు మొదట్లో చాయ్ హోటల్లో కూర్చున్నాడు. చూపు ఇంటి మీదే. ఎవరూ రాలేదు. ఆమె ఎటూ పోలేదు. మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. మొదటి ఉరుముకు లేచి వెళ్లి పెరటి తలుపు వెనక నిలబడ్డాడు.

"థండర్ అంటే ఏమని జెప్పిన? ఎనకట ఇంగ్లీషోళ్లు ఉరుముకు, ఉరుముల దేవునికి ఒకటే పేరు వెట్టుకున్నరు. గా దేవుని పేరు మీదనే థర్స్‌డే వచ్చింది. స్టార్మ్ అంటే అంబలి తిప్పినట్టు మబ్బులను తిప్పే గాలి. గీ రెండు గలిస్తెనే థండర్‌స్టార్మ్. గురువారమంటే భయమైతదా? మరి ఉరుమంటే ఎందుకు భయం?"

రాకేశ్ తలుపు నెట్టుకొచ్చి ఫోన్ గుంజుకున్నాడు. రేవతి ఫోన్ కోసం చెయ్యి చాచింది.

"జర ఆగు. నేనే జెప్త" అంది.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు ఫోన్‌లో.

అవతల సన్నటి ఆడపిల్ల గొంతు.

"నేను ప్రవళికను. కరీంనగర్ హాస్టల్ నుంచి. అవ్వ ఉన్నదా?"

ప్రవళిక ఎవరని రాకేశ్ అడగలేదు. రేవతికి మొదటి పెళ్లిలో పుట్టిన ఆ బిడ్డతో ఇక మాట్లాడనని, తాళి కట్టే ముందు ఆమెతో ఒట్టు వేయించుకున్నది అతడే.