చేతకాని దొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తిరుపాలును మాత్రం గుడ్డివాడైనా పట్టుకోగలడు. అదే గదిలో ఉండే జహాంగీర్‌ది సబ్బుపెట్టె ఎత్తుకొచ్చి తన మంచం నడిమధ్యలో పెట్టుకున్నాడు. కనీసం దుప్పటి కూడా కప్పలేదు. ఎనిమిది మంది ఉండే గదిలో, అదీ పట్టపగలు!

ఖతర్‌లో గ్యాసు పనులు జోరందుకున్న రోజులవి. బంగారం బయటపడిందన్నట్టు నానా దేశాల మనుషులూ వచ్చి పడ్డారు. అల్ వుకైర్ ఊరు దాటాక కంపెనీ క్యాంపు. మనుషులు పెరిగేసరికి చిల్లర దొంగతనాలూ పెరిగాయి. టైగర్ బామ్, టార్చిలైటు, బనీను, ఏది కనబడితే అది మాయం. క్యాంపు బాస్ ఫసీయుద్దీన్ హైదరాబాదు మనిషి. విసిగిపోయి ఒకరోజు అందర్నీ మెస్సులో నిలబెట్టి చెప్పేశాడు.

"చోరీ చేసి దొరికితే పోలీసు లేదు, లొల్లి లేదు. తెల్లారి ఫ్లయిట్ ఎక్కిస్త. ఖల్లాస్! మళ్ల ఈ గడ్డ మీద కాలు పెట్టేది లేదు."

అన్నట్టే రెండు వారాల్లో ఇద్దర్ని పంపేశాడు. అప్పట్నుంచి క్యాంపులో ‘ఎగ్జిట్’ అన్న మాట వింటేనే ముచ్చెమటలు. పొలాలమ్మి వచ్చినవాళ్ళు ఉత్తచేతులతో ఊళ్ళో ఎలా దిగుతారు? అంతకంటే చావే నయం అనుకునేవాళ్ళు.

అలాంటి చోట తిరుపాలుకు ఈ బుద్ధి పుట్టింది.

రాయచోటి దగ్గర పల్లె అతనిది. మంచి వెల్డరు. మామూలుగానే నోరు విప్పని మనిషి, ఈమధ్య మరీ ముభావం. ఏం పోయేకాలం వచ్చిందో!

పక్క మంచం సాలమన్‌ది. రాజోలు నుంచి వచ్చాడు. యాభై దాటాయి. మెస్సులో వంటపని. కూతురు ఫెబి రాజమండ్రిలో నర్సు ట్రైనింగులో ఉంది. "ఇంకొక్క ఏడాది ఓపిక పడితే చాలు, పిల్ల తెల్లకోటు వేసుకుంటుంది" అని కూరగాయలు తరుగుతూ రోజూ చెప్పిందే చెప్పేవాడు.

సబ్బుపెట్టె మొదట అతని కంటే పడింది. జహాంగీర్ వచ్చేలోపు గబగబా తీసి యథాస్థానంలో పెట్టేశాడు.

"మతి గానీ పోయిందేంట్రా నీకు? ఫసీ సాబ్ చూశాడంటే రేపీపాటికి విమానంలో ఉంటావు!"

తిరుపాలు గుర్రుమన్నాడు.

"నిన్నెవరు పెట్టమన్నారన్నా? నీ పని నువ్వు చూసుకోరాదా?"

ఎంత పొగరు! మంచికి పోతే చెడు ఎదురైందని సాలమన్ ఊరుకున్నాడు.

నాలుగు రోజులకు తిరుపాలు జహాంగీర్ సెంటుసీసా తీసి, ఒళ్ళంతా పూసుకుని, సీసా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. అతను స్నానానికి వెళ్ళినప్పుడు సాలమన్ ఆ సీసా తీసి మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు. సగమైన సీసా చూసి జహాంగీర్ తనే ఎక్కువ వాడేశాననుకున్నాడు, పాపం.

శుక్రవారం జహాంగీర్ జుమ్మా నమాజుకు వెళ్ళాడు. తిరుపాలు అతని సూట్‌కేసు తెరిచి కొత్త గడియారం తీశాడు. దిండు కింద దూర్చాడు. బెల్టు సగం బయటికే వేలాడుతోంది. ఇంతలో వ్యాను హారన్ మోగింది. ఎక్కడో పైపు పగిలిందట, సెలవైనా సరే వెల్డరు రావాల్సిందేనని లాక్కుపోయారు.

సాలమన్ గదిలోకి వచ్చి బెల్టు చూశాడు. తల బాదుకున్నాడు. గడియారం తీసి, సూట్‌కేసు తెరిచి, అందులో పెట్టబోతుండగా గుమ్మంలో జహాంగీర్!

"దొరికినవ్ బిడ్డా! తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డవేంది? మాట్లాడు!"

ఒక్క పేరు చెబితే సాలమన్ బయటపడేవాడు. ఫసీయుద్దీన్ ముందు నిలబెట్టినా తల వంచుకున్నాడే తప్ప ఆ పేరు చెప్పలేదు. పిచ్చి మారాజు!

సాయంత్రం పని నుంచి వచ్చిన తిరుపాలుకు సంగతి తెలిసింది. బూట్లు కూడా విప్పకుండా ఫసీయుద్దీన్ క్యాబిన్‌కు పరిగెత్తాడు.

"దొంగను నేను సార్! సబ్బు, సెంటు, గడియారం, అన్నీ నేనే ఎత్తినా. సాలమన్నకేం తెల్దు. ఆయప్పను వదిలేసి నన్ను పంపీండి. మీ కాళ్ళు మొక్కుతా!"

ఫసీయుద్దీన్ తాపీగా సిగరెట్ వెలిగించాడు.

"నీ సంగతి నాకెరుకే. పోయి పండుకో."

"నిజం సార్! వీరభద్రసామి మీద ఒట్టు!"

"వంటోడు పోతే ఇంకోడొస్తడు. వెల్డర్ని యాడికెల్లి తేవాలె? యల్లా, నడువ్. పొద్దుగాల డ్యూటీ ఉంది."

తెల్లారింది. ఎయిర్‌పోర్టు వ్యాను వచ్చింది. సాలమన్ చేతిలో ఒక్క సంచి. ఫెబికి కొని పెట్టుకున్న వస్తువు ఒక్కటీ లేదు. అసలింకా కొనే రోజే రాలేదు మరి. తిరుపాలు అతని చేతులు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఊరుకోరా" అన్నాడు సాలమన్. "నీ ఉద్యోగం నిలబడింది, అదే పదివేలు. ఇకనైనా బుద్ధిగా ఉండు. నా పిల్ల సంగతి ప్రభువు చూసుకుంటాడులే."

వ్యాను కదిలింది. తిరుపాలు ఇసుకలో కూలబడిపోయాడు.

భార్య చావుబతుకుల్లో ఉందన్న టెలిగ్రాం చూపించి మూడుసార్లు కాళ్ళు పట్టుకున్నా పాస్‌పోర్టు ఇవ్వని ఫసీయుద్దీన్, దొంగలకైతే మర్నాడే టికెట్టు చేతిలో పెడతాడని మెస్సులో విన్న రోజే తిరుపాలు దొంగ అయ్యాడు.