ఇద్దరూ ఒకే ఫోటోలో

"గడ్డం కాస్త పైకెత్తు. అబ్బా, అంత కాదు. మంగలి ముందు కూర్చున్నట్టున్నావ్."

ఆమె ఫోన్ పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. నవ్వమని చెప్పే ఓపిక కూడా లేదు. వారమంతా హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టిన చేతులవి. ఫోన్ బరువుకే మణికట్టు లాగేస్తోంది.

సోఫాలో అతను, పక్కన పాప. అతను సామాన్ల వ్యాన్ తోలి తోలి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కూలబడ్డాడు. ఫోటోలో కాళ్ళు పడవు కదా!

దేశం కాని దేశంలో, మూడో అంతస్తులో ఉన్న ఆ ఇంట్లో ఆదివారం వచ్చిందంటే ఇదే పని. సోమవారానికి టీ తాగుతున్న ఫోటో. మంగళవారానికి పాపకి లెక్కలు చెప్తున్న ఫోటో. బుధవారానికి కిటికీ దగ్గర పేపర్ చదువుతున్న ఫోటో. మధ్యమధ్యలో పాప గీసిన బొమ్మ, మాడిన గిన్నె, కిటికీ అంచున వాలిన పిట్ట. వారానికి సరిపడా ఒక్క పూటలో తీసేస్తారు. చొక్కా మారితే రోజు మారినట్టే. ఆమె షిఫ్టుకీ అతని షిఫ్టుకీ ఉప్పుకీ నిప్పుకీ ఉన్న పొత్తే. ఇంకో దారి లేదు.

ఇవన్నీ సముద్రం అవతల, అత్తారింట్లో మంచం పట్టిన అతని చెల్లెలికి. రెండుసార్లు కడుపు పోయి మూడోసారి నిలిచింది. ఎనిమిదో నెల. మంచం దిగొద్దని, మనసుకి ఏ దెబ్బా తగలకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ పిల్లకి అన్నలే లోకం. ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో రోజుకో ఫోటోలో చూడందే కంటికి కునుకు రాదు. కునుకు రాకపోతే బీపీ ఎక్కుతుంది.

అతను నీలం చొక్కా మార్చుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. "దీంతో కళ్ళు తిరుగుతున్నాయి. గోడ కూడా వంకరగా కనబడుతోంది."

"ఇంకో నాలుగే. ఓర్చుకో."

పాప అతని చొక్కా చేతికి ముక్కు ఆనించింది. మొహం ముడుచుకుంది.

"అమ్మా, ఇది ఉతికేశావా?"

"ఉతక్కపోతే ఎలాగే? మరక పడింది."

"సబ్బు వాసనొస్తోంది. నేనిక ఫోటోలో ఉండను."

పాప లేచి లోపలికి పోయింది. పిలిచినా రాలేదు.

అంతలో ఫోన్ గుర్రుమంది. చెల్లెలు గొంతు రికార్డు చేసి పంపింది. ఒంటికే గానీ ఆ పిల్ల నోటికి విశ్రాంతి లేదు.

"వదినా, ఏంటీ దాగుడుమూతలు? పెద్దన్నయ్య ఉన్న ఫోటోలో చిన్నన్నయ్య ఉండడు. అడిగితే ఫోన్ పట్టుకున్నాడంటావ్. వాడికదే ఉద్యోగమా? పెద్దాయన సంగతి నాకు తెలుసు. మాట్లాడమంటే పన్ను పీకించుకున్నట్టు ఉంటుంది, 'తిన్నావా' అని రాసి ఊరుకుంటాడు. ఆ వాగుడుకాయకేం వచ్చింది? ఒకే పోలికతో పుట్టారు, చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నారు, ఇప్పుడు ఒకే ఫోటోలో పట్టరా? పోట్లాడుకున్నారా ఏంటి? నా దగ్గర దాచకండి. ఇద్దరూ ఒకే సోఫాలో కనబడేదాకా మాత్ర మింగను. ఒట్టు!"

వెనకే ఆ పిల్ల మొగుడు ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"అక్కయ్యా, ఉత్త బెదిరింపు కాదు. పొద్దున్నుంచీ మాత్ర ముట్టుకోలేదు. బీపీ చూస్తే నాకు కాళ్ళూచేతులూ ఆడట్లేదు. ఏదో ఒకటి చెయ్యండి."

"ఏం చెయ్యమంటావ్ తమ్ముడూ? వాళ్ళిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టడం నా చేతుల్లో ఉందా?"

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు.

"తెలుసు. కాన్పయ్యేదాకా నెట్టుకొద్దాం అనే కదా అందరం అనుకున్నాం."

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం తర్వాత ఆ అన్నదమ్ములిద్దరూ మళ్ళీ ఒక గదిలో కనబడలేదు. వాళ్ళ మధ్య మాటల్లేవు. ఈ సంగతి ఆ పిల్లకి తప్ప చుట్టాలందరికీ తెలుసు. నిండు చూలాలి చెవిన వెయ్యకూడదని పెద్దలంతా కలిసి తీర్మానించారు.

ఆమె మణికట్టు నొక్కుకుంటూ కాసేపు కూర్చుంది. ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేసే అమ్మాయి చెప్పిన చిట్కా ఒకటి గుర్తొచ్చింది. ఫోన్ కదపకుండా ఒకేచోట నిలబెట్టి రెండు ఫోటోలు తీస్తే చాలట. ఇందులో సగం, అందులో సగం అతికించే యాప్ ఉందట. అతుకు కనబడదట.

విని అతను నేలచూపులు చూశాడు. "పాపం కాదూ?"

"ఇన్నాళ్ళూ చేసింది పుణ్యమా? అక్కడ రెండు ప్రాణాలు."

అతను కళ్ళజోడు మళ్ళీ సర్దుకున్నాడు. ఆమె కుర్చీ మీద పుస్తకాలు పేర్చి, వాటికి ఫోన్ ఆనించి నిలబెట్టింది.

"ఆ చివరికి జరుగు. ఇంకా. ఇవతలంతా ఖాళీగా ఉండాలి. ఆఁ, ఇప్పుడు ఇటు తిరిగి నవ్వు. పక్కన మనిషి ఉన్నట్టు."

అతను ఖాళీ వైపు తిరిగాడు. అలా చూస్తూనే ఉన్నాడు. నవ్వు రాలేదు.

"వాగుడుకాయ ఏదో వాగాడనుకో, పోనీ."

అప్పుడొచ్చింది, పెదవి చివర చిన్న నవ్వు. ఆమె టక్కున నొక్కింది. తెర మీద బొమ్మ ఒక్క క్షణం చూసి చూపు తిప్పుకుంది.

"ఒక సగం అయింది."

అతను కళ్ళజోడు తీసి అల్మరాలో దండ వేసిన ఫోటో ముందు పెట్టి, చొక్కా మార్చుకుని, సోఫాలో ఖాళీగా ఉన్న వైపు వచ్చి కూర్చుని, "ఇప్పుడు నన్ను తియ్యి వదినా" అన్నాడు.