ప్రివ్యూలు పోయిన ఆదివారం

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

ఫోటోగ్రాఫరు కేకకి వంటింట్లో గరిట కింద పడింది. పక్కగదిలో కంప్యూటర్ తెర మీద నిన్నటిదాకా మిలమిలలాడిన పెళ్ళి ఫోటోలన్నీ బూడిదరంగు గళ్ళయి కూర్చున్నాయి. పెళ్ళికూతురు లేదు, పెళ్ళికొడుకు లేడు, చుట్టాలు లేరు. గళ్ళు మాత్రం బుద్ధిగా వరసలో ఉన్నాయి.

"రేపు పొద్దున ఆల్బం ఇవ్వాలి! కొంప మునిగింది!"

"నేనే," అంది భార్య, చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి. "జాగా లేదు, జాగా లేదు అని మీరే కదా రోజూ దాన్ని తిడుతున్నారు? అత్తయ్య కూడా అన్నారు, ఇల్లంతా దులిపి దాన్నొక్కదాన్నీ వదిలేశావేం అని. చూస్తే ప్రివ్యూలని ఒక ఫోల్డరు, అన్నిటికంటే లావుగా ఉంది. ఫోటోలన్నీ దిద్దేశాక ఇంక ముందస్తుగా చూసుకునేదేముంటుందని తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను."

పని సగంలో వదలడం ఆవిడకి చేతకాదు.

"అమ్మా! నువ్వు చెప్పావా?"

హాల్లో మూల కుర్చీలో ఫోన్‌లో రంగురాళ్ళు కలిపే ఆట ఆడుకుంటున్న తల్లి తలెత్తలేదు. "నాకేం తెలుసురా? పిండిమరలాగా రొద పెడుతుంటే, లోపల దుమ్ము పట్టిందేమో అనుకున్నాను."

"తెలియని వాటిల్లో వేలు పెట్టకండి ఇద్దరూ! మీకు దండం పెడతాను!"

ఈ గొడవంతా గుడ్లగూబ వింటోంది. అంటే గువ్వ. ఫోటోగ్రాఫరు కూతురు. అట్టముక్కల రెక్కలు తలుపుకి తగిలి విరక్కుండా పక్కకి తిరిగి నిలబడింది. మధ్యాహ్నం బడి వార్షికోత్సవంలో నాటకం. అందులో న్యాయమూర్తి గుడ్లగూబే. ప్రతి ఏడూ ఆ పిల్ల ఏదో ఒక వేషం వేస్తుంది. ప్రతి ఏడూ వాళ్ళ నాన్నకి ఎవరిదో ఒక ఆల్బం అడ్డొస్తుంది. ఆ చుట్టుపక్కల పిల్లలందరినీ స్టేజీ మీద ఫోటోలు తీసిన మనిషి. తన కూతురు స్టేజీ మీద ఉన్న ఫోటో మాత్రం ఆ ఇంట్లో ఒక్కటి లేదు.

"ఈసారీ రావు కదా నాన్నా?" అంది. అడిగినట్టు లేదు, హాజరు వేసుకున్నట్టుంది.

"చూస్తున్నావుగా తల్లీ, ఈ ఘోరం."

గువ్వ రెక్కలు కాస్త వాలాయి.

ఫోటోగ్రాఫరుకి ఇక ఒకటే దిక్కు. ఫోటోగ్రాఫర్ల గ్రూపులో 'గురువుగారు' అనే పేరుతో ఒకరున్నారు. మొహం ఎవరూ చూడలేదు. బొమ్మ ఉండాల్సిన చోట ఒక ఎర్రబల్బు ఉంటుంది. అడిగినవాళ్ళందరికీ విసుక్కోకుండా జవాబిస్తారు. ఇంట్లో ఎవరి మాటా చెవినబెట్టని ఫోటోగ్రాఫరు ఆ మాట మాత్రం జవదాటడు.

ఫోన్ తీసి టైపు చేశాడు. "గురువుగారూ, ప్రివ్యూల ఫోల్డరు పోయింది. ఇన్నాళ్ళ ఎడిటింగంతా గంగపాలు!"

పంపించి, గోళ్ళు కొరుక్కుంటూ హాల్లో అటూ ఇటూ తిరిగాడు.

"కాసేపు కుదురుగా ఉండరా," విసుక్కుంది తల్లి. "నీ గోలలో ఓడిపోయేలా ఉన్నాను."

ఫోను టింగుమంది.

"అసలు ఫోటోలు వాటి ఫోల్డర్లో ఉన్నాయా?"

"ఉన్నాయండీ."

"కేటలాగ్ ఫైలు?"

పరిగెత్తి చూసొచ్చాడు. "ఉందండీ."

"మరి ఏడుపెందుకు? మీరు పెంచిన వెలుగు, తగ్గించిన నీడ, చెరిపిన మొటిమ, అన్నీ ఆ కేటలాగ్‌లోనే రాసి ఉంటాయి. ప్రివ్యూలంటే, త్వరగా చూపించడానికి సాఫ్ట్‌వేర్ తన దగ్గర దాచుకునే నకళ్ళు. నెగటివ్‌లు భద్రంగా ఉన్నాయి, ప్రింట్లు పోయాయి. అంతే. మళ్ళీ కడుక్కోవచ్చు. అన్నిటికీ ప్రివ్యూలు తయారు చెయ్యమని నొక్కండి."

నొక్కాడు. ఒక బూడిదరంగు గడిలో మెల్లగా పెళ్ళికూతురి ముక్కు మొలిచింది. ఆ వెనకే ముక్కుపుడక. ఫోటోగ్రాఫరుకి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చోబోయాడు.

మళ్ళీ టింగు.

"సాయంత్రానికి గానీ పూర్తికాదు. అందాకా ఆ గదిలో మనిషి ఉండకూడదు. మౌసు ముట్టుకున్నారా, మొత్తం మొదటికొస్తుంది. లైటు ఆర్పి, తలుపు బిగించి, బయటికి నడవండి."

"లైటెందుకు ఆర్పడం?" గొణిగాడు.

"గురువుగారు ఊరికే చెప్తారా?" అంది భార్య. "అదే నేను చెప్పుంటే, ఈపాటికి ఇంకో లైటు కూడా వేసేవారు."

ఆర్పాడు. తలుపు బిగించాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనివాడిలా హాలు మధ్యలో నిలబడ్డాడు.

"ఏరా, సాయంత్రం దాకా తలుపుకి కాపలా కాస్తావా?" అంది తల్లి. "నా మోకాళ్ళు మొరాయించాయి గానీ, లేకపోతే నేనే పోయేదాన్ని."

ఫోటోగ్రాఫరు తలుపుకేసి చూశాడు. కూతురికేసి చూశాడు. గోడకి తగిలించిన కెమెరా సంచీ తీసి భుజాన వేసుకున్నాడు.

"పదవే గుడ్లగూబా."

"న్యాయమూర్తిని. మర్యాదగా పిలువు," అంది గువ్వ. కానీ రెక్కలు రెండూ ఒక్కసారి పైకి లేచాయి, ఒకటి వెళ్ళి గడియారానికి తగిలింది.

అమ్మ, నాన్న, మధ్యలో రెక్కలు. స్కూటర్ మీద ముగ్గురూ ఎలాగో ఇరుక్కున్నారు.

స్కూటర్ చప్పుడు సందు మలుపు దాటేదాకా ఆగి, ఒకప్పుడు భర్త డార్క్‌రూములో ఎర్రబల్బు వెలుతురులో ఊరందరి ఫోటోలూ కడిగిన ఆ తల్లి కళ్ళజోడు సర్దుకుని, గురువుగారి పేరుతో గ్రూపులో తర్వాతి ప్రశ్నకి జవాబు టైపు చెయ్యడం మొదలుపెట్టింది.