పొయ్యి వెలిగించిన పూట

"ఇవాళ పొయ్యి నేను వెలిగిస్తానమ్మా," అంది ప్రమీలారాణి.

బియ్యం చెరుగుతున్న తల్లి రావమ్మ చేతిలో చేట ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళొచ్చినా ప్రమీల ఏనాడూ అగ్గిపుల్ల ముట్టుకోలేదు. ఎందుకని రావమ్మా అడగలేదు. పిల్ల కంటపడకుండా పెరటి గోడ వెనక వండి, నిప్పులార్పి, అన్నం లోపలికి తెచ్చేది.

అది డెబ్భై నాలుగు మార్చి. బెజవాడలో నర్సు ట్రైనింగు మధ్యలో ఆపేసి ప్రమీల తిరువూరు వచ్చి పన్నెండు రోజులైంది. అక్కడ ఒళ్ళు కాలిన పసివాణ్ణి ఒకణ్ణి వార్డులోకి తెచ్చారు. వాడి ఏడుపు వింటూనే ప్రమీల కుప్పకూలింది. ఆ తర్వాత వార్డు గడప తొక్కితే చాలు, ఊపిరాడేది కాదు. "నెల రోజులు ఇంటికెళ్ళి రా అమ్మాయ్," అని పంపించేసింది హెడ్ నర్సు.

రావమ్మ బస్టాండుకొచ్చి పెట్టె అందుకుంది. "చిక్కిపోయావే," అన్నదే తప్ప ఇంకేమీ అడగలేదు. మర్నాటి నుంచి తనతోపాటు మిరపకాయల కల్లానికి తీసుకెళ్ళింది. తాలుకాయలు ఏరి ఏరి చేతులు భగ్గుమంటే కొబ్బరినూనె రాసేది. నాలుగో రోజుకి ప్రమీలకి ఆకలేసింది. పదో రోజున కల్లంలో ఎవరో ఏదో అంటే పకపకా నవ్వింది. రావమ్మ అటు తిరిగి కొంగుతో కళ్ళొత్తుకోవడం కనిపించింది.

అగ్గిపుల్ల మూడోసారికి వెలిగింది. ఎండుకంప చిటపటలాడింది. ప్రమీల అక్కణ్ణుంచి లేవలేదు.

"అమ్మా, నువ్వు చెప్పినట్టు తమ్ముడు జ్వరంతో పోలేదు కదూ?"

రావమ్మ పక్కనే చతికిలబడింది. "అప్పుడు నీకు మూడేళ్ళు. గుర్తుందా?"

"ఏడుపు గుర్తుంది. నువ్వు నన్నెత్తుకుని పరుగెత్తడం గుర్తుంది. ఆ ఏడుపు ఆగిపోవడమూ గుర్తుంది."

"గుంటూరు వైపు పొగాకు పనికెళ్ళాం. పిల్లలందర్నీ ఒకే పాకలో ఉంచి మేమంతా పనిలో ఉన్నాం. మిట్టమధ్యాహ్నం అంటుకుంది. తల్లులూ తండ్రులూ ఆరుగురం లోపలికి దూకితే బయటికొచ్చింది నేనొక్కదాన్నే. పొగలో ఏం కనపడలేదు. చేతికి తగిలిన బిడ్డని లాక్కొచ్చాను. మళ్ళీ వెళ్ళబోతే కప్పు కూలింది."

"నా బదులు వాణ్ణి ఎత్తుకుని పరుగెత్తుంటే బావుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో! నీ మొహం చూడలేకే హాస్టల్లో చేరాను."

"పిచ్చిదానా! నేనూ ఆ మంటల్లోకే పోయేదాన్ని. నువ్వు నా మెడ కరుచుకుని వదల్లేదు. నా ప్రాణం నిలబెట్టింది నువ్వే. ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద కూర్చుని దేవుడికి చెప్పుకునేది ఆ ఒక్క మాటే."

ప్రమీల గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. పొయ్యి మీద ఎసరు కుతకుతమంటోంది. మంటని తేరిపార చూసింది. భయం వేయలేదు.

"సోమవారం బస్సుకి వెళ్ళిపోతానమ్మా, వార్డుకి," అంటూ రావమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. "నీ కడుపున పుట్టడం నా అదృష్టం."

రావమ్మ చాలాసేపు ఆ తల నిమిరింది.

"నా కడుపున పుట్టింది వాడొక్కడే తల్లీ."